కుచ్చులొకరివి, నడుమొకరిది

పోయిన వారం మనం స్వర్ణలతను నాచారంలో పద్మశ్రీ గుమ్మం ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆమె అక్కడే ఉంది. భుజాన గుడ్డసంచి, సంచిలో నెమలికంఠం రంగు గుడ్డ, ఆ గుడ్డ మడతల్లో భద్రంగా చుట్టిపెట్టిన నడుము పట్టీ. తలుపు రెండుసార్లు తట్టింది. తట్టగానే లోపల టకటకలాడుతున్న కుట్టుమిషన్ ఠక్కున ఆగిపోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు. స్వర్ణ, పద్మశ్రీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బట్టల కంపెనీలో ఒకే లైనులో ఒకరి వెనక ఒకరు కూర్చుని తొమ్మిదేళ్ళుగా స్కర్టులు కుడుతున్నారు. కుడుతున్నారంటే పూర్తిగా కాదు. పద్మశ్రీ కుచ్చులు పడుతుంది. కుచ్చులు పట్టిన గుడ్డ చేతికొస్తే స్వర్ణ దానికి నడుము పట్టీ వేస్తుంది. లైనులో దాన్ని బెల్టంటారు. బెల్టు వేసి పక్కకు తోస్తే హుక్కులు వేసే ఆమె అందుకుంటుంది. ఇన్ని వేల స్కర్టులకు నడుములిచ్చిన స్వర్ణ ఒక్క స్కర్టు కూడా మొదటినుంచి చివరిదాకా కుట్టి ఎరగదు. ఇప్పుడు బెల్టు దానంతటదే వేసే మిషనొకటి లైనులోకి రాబోతోంది. అదొస్తే స్వర్ణ కుర్చీ పోతుంది, దారాలు కత్తిరించే బల్ల దగ్గర పొద్దస్తమానం నిలబడాలి. తప్పించుకునే దారి ఒక్కటే. ఆర్డరుకు ముందు నమూనా బట్టలు మొత్తం ఒక్కరే కుట్టే సాంపుల్ రూంలో ఒక సీటు ఖాళీ అయింది. అది కావాలంటే ఇంట్లో సొంత చేతులతో కుట్టుకున్న హైవెయిస్ట్ కుచ్చుల స్కర్టు తొడుక్కుని సోమవారం పొద్దున రావాలని సాంపుల్ రూం ఇన్‌ఛార్జి అరుణకుమారి మేడం షరతు. ఇవాళ ఆదివారం. స్వర్ణకు కుచ్చులు పట్టడం రాదు. ఆ పని వచ్చిన పద్మశ్రీ మూడు వారాలుగా ఆమెతో మాట్లాడటం లేదు.

అదీ సంగతి. ఇక తలుపు తెరుద్దాం.

తెరుచుకుంది, సగమే.

"ఏంది?" అంది పద్మశ్రీ.

చిలకానగర్‌లో షేర్ ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ ఏం మాట్లాడాలో స్వర్ణ మనసులో అల్లుకుంటూనే వచ్చింది. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. అసలు పద్మశ్రీ ముఖం చూసి మాట్లాడే అలవాటే ఆమెకు తక్కువ. లైనులో వెనక కూర్చున్న మనిషికి ముందు కూర్చున్న మనిషి వీపే తెలుస్తుంది. ఏ రోజు ఏడ్చి వచ్చిందో, ఏ రోజు ఇంట్లో మటన్ వండి సంబరంగా వచ్చిందో, జడ ఎప్పుడు పలచబడిందో, అన్నీ ఆ వీపే చెప్పేది. ముఖం కనబడేది మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పినప్పుడే. మూడు వారాలుగా అదీ లేదు.

"జర లోపలికి రానియ్యవా అక్కా?"

"ఇంత దూరం వచ్చినంక ఎల్లగొడ్తనా? రా."

ఒకటే గది, ఓ మూల వంట. పద్మశ్రీ భర్త హన్మయ్య పిల్లను తీసుకుని అన్నోజిగూడలో చెల్లెలింటికి పోయాడు. తెల్లవారుజామున కురిసిన వాన వెలిసి, కిటికీలోంచి కడిగినట్టున్న ఎండ పడుతోంది. ఎక్కడో ఫ్యాక్టరీలో బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన గాలిలో తేలి వస్తోంది. గోడవారగా పాత కాలిమిషన్. తలుపు వెనక మేకుకు ఒక స్కర్టు వేలాడుతోంది. వంకాయ రంగు. చుట్టూ కుచ్చులు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు. పైన కచ్చాకుట్లు తప్ప ఏమీ లేదు. నడుములేని స్కర్టు.

స్వర్ణ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ళకు అది ఈ గదిలోది అనిపించలేదు. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం కరెంటు పోయి లైను ఆగింది. నీళ్ళ కోసం ఫినిషింగ్ వైపు వెళ్ళిన స్వర్ణకు అద్దాల తలుపు అవతల ఇస్త్రీ అయిన స్కర్టులు బారుగా వేలాడుతూ కనిపించాయి. కరెంటొచ్చి పెద్ద ఫ్యాను తిరగ్గానే, ఎవరో పేరు పెట్టి పిలిస్తే చూసినట్టు, అన్నీ ఒక్కసారే ఇటు తిరిగాయి. ఆ రోజు నుంచీ ఆమెకు తరచూ ఒకే కల. ఆ స్కర్టులు ఉప్పల్ మెట్రో మెట్లు దిగి నడిచొస్తుంటాయి. లోపల మనుషులుండరు. ఆమె వాటి వెనక పరిగెడుతుంది, ఒక్కదాన్నీ అందుకోలేదు. మెలకువ వచ్చేసరికి రెండు చేతులూ దుప్పటి అంచును బెల్టు మడిచినట్టు మడుస్తుంటాయి.

"నువ్వు గూడ ఆ సీటుకు పేరిచ్చినవా?" అంది చివరికి.

"నువ్వియ్యలేదా?" అంది పద్మశ్రీ.

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఇక్కడ దొంగలు ఇద్దరు.

"గిందుకా మాట బంద్ జేసినవ్?" స్వర్ణే తేరుకుంది. "డబ్బ తీస్కపోయి హుక్కులోల్ల తాన కూసుంటున్నవ్. నేనేదో అన్ననేమోనని మూడు వారాల సంది నా నోరును నేనే తిట్టుకుంటున్న అక్కా."

"దానికీ, దీనికీ సంబంధం లేదు."

"మరెందుకు?"

"ముందుగాల నువ్వు జెప్పు. నా కోసమొచ్చినవా, కుచ్చుల కోసమొచ్చినవా?"

స్వర్ణ సంచి వంక చూసుకుంది. పద్మశ్రీ కూడా సంచి వంకే చూసింది. అబద్ధానికి చోటు లేకపోయింది.

"కుచ్చుల కోసమే," ఒప్పుకుంది. "గని కుచ్చుల పని లేకున్నా ఏదో ఒకనాడు వస్తుంటి."

"మంచిగుందే! కుచ్చులు నేర్పి, సీటు గూడ నా చేతుల తోనే నీకియ్యాల్నా?" పద్మశ్రీ గొంతు లేచింది. "స్కర్టంటేనే కుచ్చులు. బెల్టుదేముంది, పట్టీ మడిచి కుట్టుడు. మిషన్ గూడ చేస్తదంట గద ఆ పని."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. తొమ్మిదేళ్ళ పనిని ఒక్క మాటతో ఊడ్చి పారేసినట్టయింది స్వర్ణకు. ఒళ్ళు మండిపోయింది.

"నీ కుచ్చులా?" అంది. "ఆర్నెల్ల సంది నీ కుచ్చులు సక్కగ ఉన్నయా అసలు? బండల్‌కు నాలుగైదు వంకర వస్తున్నయ్. నేనే విప్పి, సరిజేసి, బెల్టు కింద దాపెడుతున్న. చెకింగ్ల ఒక్క పీసన్న వాపసొచ్చిందా? ఎందుకు రాలేదనుకున్నవ్?"

అనేసి నోరు మూసుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం పోలేదు, పెదవి దాటి గదిలోనే ఇద్దరి మధ్యా నిలబడింది. పద్మశ్రీ మిషన్ ముందున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది. తిడుతుందనుకుంది స్వర్ణ. ఆమె తిట్టలేదు.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"నెల కింద దారం రీలు కింద పడితే తీస్కోనీకి ఎనకకు తిరిగిన. నువ్వు తల వంచుకొని నా కుచ్చు విప్పుతున్నవ్, పిల్ల కాల్ల ముల్లు తీసినంత పైలంగ. నాకు కండ్లు తిరిగినయ్. సూపర్వైజర్‌కు చెప్తవనుకున్న. వారమంత సూసిన. నువ్వు చెప్పలే. అప్పుడు సిగ్గయింది స్వర్ణా. చెప్పినా బాగుండు, నిన్ను నాలుగు తిట్టి ఊకుందును. నువ్వు చెప్పకుంట సరిజేస్తుంటే నీ పక్కన కూసోని ఏ మొఖం పెట్టుకొని అన్నం తినాలె?"

తను చేసింది మంచి పనే అనుకుంది ఇన్నాళ్ళూ. మంచి పని కూడా చాటుగా చేస్తే దొంగతనంలాగే కనిపిస్తుందని ఆమెకు తట్టలేదు.

పద్మశ్రీ కుడిచెయ్యి చాపింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. చూపుడువేలి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.

"ఈ మూడు వేళ్ళు మొద్దుబారినయ్. గుడ్డ పట్టుకున్ననో ఇడిసిపెట్టిన్నో కండ్లతోని సూస్తే గని తెల్వది. గిది కాలినప్పుడు గూడ వాసనొస్తెనే తెల్సింది. మణికట్టు కాడ నరం ఒత్తుకుంటున్నదట, చేతికి పని తగ్గియ్యమన్నరు దవాఖానల. లైనుల గంటకు అరవై పీసులు. ఎట్ల తగ్గిస్త? సాంపుల్ రూంలైతే రోజంతకు రెండే. అందుకిచ్చిన పేరు. నీ మీద పోటీకి గాదు."

స్వర్ణ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపును దాచుకోలేదు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. పద్మశ్రీ కాసేపు చూసి, "ఊకో, నరం నాది, ఏడుపు నీదా?" అని ఎడమచేత్తో సంచి లాక్కుంది. "దియ్, ఏం కుట్టినవో సూద్దాం."

సంచిలోంచి ముందు బెల్టు బయటికొచ్చింది. తర్వాత గుడ్డ వచ్చింది, ముక్కలు జోడించి వదిలేసిన గుడ్డ. ఒక్క కుచ్చూ లేదు. పద్మశ్రీ బెల్టును పైకెత్తి చూసింది, గుడ్డను చూసింది, మళ్ళీ బెల్టును చూసింది.

"ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు. లంగనే లేదు, బెల్టు తయారా?"

"నాకొచ్చింది గదొక్కటే గద అక్కా. వచ్చిన కాడి నుంచి మొదలువెట్టిన."

నవ్వొచ్చినా, పద్మశ్రీ ఆ బెల్టును వెంటనే కింద పెట్టలేకపోయింది. దాని అంచులు గీత గీసినట్టున్నాయి. మూలలు మడిచిన చోట గుడ్డ ఎక్కడా ఉబ్బలేదు. లోపలి కుట్టు బయటికి, బయటి కుట్టు లోపలికి కనబడలేదు. మిషన్ కూడా చేస్తుందని ఇందాక తనే అన్నది. ఆ మాట ఇప్పుడు తిరిగి మింగాలనిపించింది ఆమెకు.

"నిలబడు," అని బెల్టును స్వర్ణ నడుము చుట్టూ తిప్పి రెండు కొసలూ కలిపింది. వదలగానే అది జర్రున జారి తుంటి మీద పడింది.

"ఎంత పెట్టినవే?"

"ముప్పై మూడు. టేపు పెట్టే గొలిచిన."

"ఏడ గొలిచినవ్?"

స్వర్ణ కొంగు తప్పించి చూపించింది. బొడ్డుకు నాలుగువేళ్ళ కింద నల్లటి గీత. పెళ్ళయిన నాటి నుంచీ చీర లోపలి లంగా బొందు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గీత. చీర కట్టే ఆడవాళ్ళలో ఎవర్ని నడుమెక్కడని అడిగినా అక్కడే చెయ్యి పెడతారు. అద్దం కూడా అక్కర్లేదు, చీకట్లో తడిమినా దొరుకుతుంది.

"గిది బొందు జాగనే పిచ్చిదానా, నడుము గాదు!" పద్మశ్రీ టేపు అందుకుంది. "హైవెయిస్టు గద. హై అంటే మీదికి. కంపెనీల బొమ్మకు బెల్టు యాడికొస్తది? పక్కటెముకల కిందికి. బొమ్మ ఎన్నడన్న బొందు గట్టిందా? దానికి గీత లేదు. దాని నడుమేడుందో దానికి తెల్సు." టేపు పైన చుట్టి బిగించింది. "ఇరవై ఎనిమిది. సూడు, ఐదించులు తేడా. తొమ్మిదేండ్ల సంది బెల్టులేస్తున్నవ్, నడుమేడుందో తెల్వదానె నీకు? నేనైతే..."

అక్కడ ఆగిపోయింది. మెల్లగా తలుపు వెనక్కి తిరిగి వంకాయ రంగు స్కర్టు వంక చూసింది. తర్వాత తన కొంగు తప్పించి చూసుకుంది. స్వర్ణ కూడా వంగి చూసింది. అదే గీత. ఇంకా నల్లగా.

"నువ్వేడ గొలిచినవక్కా?" అంది స్వర్ణ, అమాయకంగా.

అంతే. ఇద్దరూ పడీపడీ నవ్వారు. మూడు వారాల మౌనమంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. పద్మశ్రీ మిషన్ పట్టుకుని నవ్వింది, స్వర్ణ నేల మీద కూలబడి నవ్వింది. "మన నడుము లగ్గమైన్నాడే కిందికి దిగిందే," అంది పద్మశ్రీ కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళ మీదికెక్కనే లే!"

నవ్వు తగ్గాక స్వర్ణ వేలితో ఆ చోటును తాకి చూసుకుంది. పక్కటెముకల కింద, బొడ్డుకు పైన. అక్కడ ఏ గీతా లేదు. చర్మం మెత్తగా, చల్లగా ఉంది. ముప్పై ఆరేళ్ళుగా తనదే, ఇన్నాళ్ళూ ఆ చోటుకు ఒక పేరుందని తెలియదు. అక్కడ చెయ్యి పెట్టుకుని ఊపిరి తీస్తే నడుము కొంచెం పైకి లేచి దిగింది. ఆమెకు ఎందుకో సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

తప్పు తెలిశాక పని తేలిక. స్వర్ణ బెల్టును ఐదించులు తగ్గించుకుంది. గుడ్డలో పదిహేనించులు మిగిలితే, "జేబు పెట్టుకో, పారేస్తవా?" అంది పద్మశ్రీ. బెల్టు పైకెక్కేసరికి స్కర్టు అంచు కూడా పైకెక్కింది. చీలమండల దాకా అనుకున్నది పిక్కల మీదికొచ్చింది. దాని గురించి ఇంట్లో ఏమంటారోనని స్వర్ణ ఒక్క నిమిషం భయపడి, భయపడటానికి తీరిక లేక ఊరుకుంది.

పద్మశ్రీ నడుమూ పైన కొలిస్తే ముప్పై తేలింది, వంకాయ రంగు స్కర్టులో ఐదు కుచ్చులు ఎక్కువున్నాయి. విప్పే సూది స్వర్ణ చేతిలో ఉంది. ఆమె గుడ్డను ఒళ్ళో వేసుకుని ఆగింది.

"విప్పనా అక్కా?"

"విప్పు," అంది పద్మశ్రీ, ఎదురుగా కూర్చుని, చూస్తూ.

తర్వాత కుచ్చులు. పద్మశ్రీ బిస్కెట్ల అట్టపెట్టె చించి వేలి వెడల్పు ముక్క ఒకటి చేసిచ్చింది. "ఇంచు బయటికి, రెండించులు లోపలికి. పట్టు, మడువు, మింగు. కుచ్చు గుడ్డను మింగాలె, నమలొద్దు. ఊపిరి బిగవట్టకు, నువ్వు బిగవడితే కుచ్చు గూడ బిగవడ్తది." మొదటి మూడూ వంకరపోయాయి. నాలుగోది నిలబడింది. ఆ తర్వాత స్వర్ణ పెదాలు వాటంతటవే కదలసాగాయి. పట్టు, మడువు, మింగు. పట్టు, మడువు, మింగు. కంపెనీ మిషన్ మీద కాలు పెడితే పరుగే. ఈ కాలిమిషన్ తొక్కితేనే నడుస్తుంది, ఆపితే ఆగుతుంది, మనిషితో మనిషి నడిచినట్టుంటుంది. కిటికీ ఎండ నేల మీంచి జరిగి గుడ్డ మీదికొచ్చింది. నెమలికంఠం రంగు ఎండలో ఒకచోట నీలం, ఒకచోట పచ్చ. మల్లాపూర్ వైపు పోయే ఆటోల చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వినబడుతోంది. పన్నెండు, పదమూడు. కుచ్చులు ఆమె వేళ్ళ కింద ఒక్కొక్కటే పుట్టుకొచ్చి పక్కదాన్ని ఒరుసుకుని పడుకుంటున్నాయి. ఇరవై ఎనిమిదో కుచ్చు దగ్గరికొచ్చేసరికి ఎంతసేపయిందో ఆమెకు తెలియలేదు. బెల్టు వేయడం ఆమెకు నిద్రలో పని. ఇస్త్రీ చేసి మేకుకు తగిలించి, వెనక్కి నడిచి చూసుకుంది. మొత్తం స్కర్టు. మొదటి కుట్టు తనదే, చివరి కుట్టూ తనదే.

"బాగొచ్చిందే," అంది పద్మశ్రీ. మనస్ఫూర్తిగానే అంది.

అప్పటికి నాలుగు దాటింది. ఇక పద్మశ్రీ బెల్టు మిగిలింది. స్వర్ణ పక్కన కూర్చుని చెప్పింది, పద్మశ్రీ మిషన్ ముందు కూర్చుంది. కుచ్చులకైతే కళ్ళు సాయం చేస్తాయి, ఒక్కొక్కటీ చూసుకుంటూ వారం రోజులైనా పట్టొచ్చు. బెల్టు అలా కాదు. పైన పట్టీ, కింద కుచ్చులు, మధ్యలో కనబడని అంచు. దాన్ని వేళ్ళే చూడాలి. మొదటిసారి పట్టీ పక్కకు జరిగింది. విప్పారు. రెండోసారి కింద రెండు కుచ్చులు మడతపడ్డాయి. విప్పారు. మూడోసారి గుడ్డ చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో కూడా ఆమెకు తెలియలేదు, ఉత్త మిషన్‌ను తొక్కుతూనే ఉంది.

పద్మశ్రీ కాళ్ళు ఆపింది.

"నువ్వెయ్యి," అంది తర్వాత.

స్వర్ణ ఉలిక్కిపడింది.

"ఎవలకు తెల్వది. నా కుచ్చులు, నీ బెల్టు. తొమ్మిదేండ్ల సంది గదే గద జేస్తున్నం? సీటు నీకొస్తే నేను సంతోషపడ్త, ఒట్టు. గని అసలు పోకుంట ఇంట్ల కూసుంటే నా పానం ఊకోదు. ఒక్కసారి పోయి ఆ మేడం ముందట నిలవడాలె."

స్వర్ణ వంకాయ రంగు స్కర్టును చేతిలోకి తీసుకుంది. తన కుచ్చులు బాగున్నాయి. ఇవి ఇంకా బాగున్నాయి. స్పర్శ లేని వేళ్ళతో, వారం రోజులు కూర్చుని, ఒక్కొక్క కుచ్చునూ కళ్ళతో తడిమి పట్టినవి. వీటికి తన బెల్టు పడితే ఇక ఈ స్కర్టుకు తిరుగుండదు. సాంపుల్ రూంలో ఈ రెండూ పక్కపక్కన నిలబడితే ఏది గెలుస్తుందో గుడ్డివాడు కూడా చెబుతాడు. తన సీటును తనే కుట్టి ఇంకొకరికి తొడగాలి. ఆమె అసూయపడలేదని నేను మీకు అబద్ధం చెప్పను. పడింది. గొంతులో చేదుగా తగిలేంత పడింది.

"ఇటు జరుగక్కా," అంది.

జీవితంలో అంత మంచి బెల్టు ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. చెత్తగా వెయ్యడం చేతకాలేదు, అదీ ఒక కారణమే. ముప్పై కుచ్చుల మీద నుంచీ పట్టీ నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. రెండో అంచు మడిచి, మూల తిప్పి, హుక్కు కుట్టి, దారం పంటితో తెంపింది.

"తొడుక్కో," అంది.

పద్మశ్రీ వంటమూలకు పోయి చీర విప్పేసి మార్చుకుని వచ్చింది. జాకెట్టు బదులు ఒక పాత తెల్లచొక్కా, దాని కింద వంకాయ రంగు స్కర్టు. బెల్టు పక్కటెముకల కింద, ఏ గీతా లేని చోట సరిగ్గా కూర్చుంది. కుచ్చులు అక్కడి నుంచి నిటారుగా దిగి, నడిస్తే విడిపోయి, ఆగితే కలుసుకుంటున్నాయి. పద్మశ్రీ పొడుగైపోయినట్టుంది. మెడ నిలబడింది. ఇన్నేళ్ళుగా వీపు మాత్రమే తెలిసిన మనిషి ఇప్పుడు నలువైపుల నుంచీ కనిపిస్తోంది. లోపల మనిషి ఉన్న స్కర్టును, తన చెయ్యి పడిన స్కర్టును, స్వర్ణ ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. చేదంతా ఎటు పోయిందో పోయింది. తన స్కర్టు మేకుకు వేలాడుతోందన్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

"ఎట్లున్న?" అంటూ పద్మశ్రీ చేతులు రెండూ చాపి గిర్రున తిరిగింది. ముప్పై కుచ్చులూ ఒక్కసారి విచ్చుకున్నాయి. చిన్నపిల్లలా నవ్వుతోంది. గోడకున్న చిన్న అద్దంలో నడుము కనిపిస్తే ముఖం కనిపించదు, ముఖం కనిపిస్తే నడుము కనిపించదు. స్టూలెక్కి చూసుకుంది, దిగి చూసుకుంది, మళ్ళీ తిరిగింది.

స్వర్ణ ఒళ్ళో ఫోను గుర్రుమంది. అరుణకుమారి మేడం పేరు. వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్.

"స్వర్ణా, రేపటికి ఒక మార్పు. తొడుక్కొచ్చిన స్కర్టు చూసి ఊరుకోను. నా ఎదురుగా మిషన్ మీద కూర్చుని, ఆ స్కర్టు బెల్టు మొత్తం విప్పి మళ్ళీ వెయ్యాలి. వేరేవాళ్ళ చేత కుట్టించి తెచ్చారని తేలితే సీటు మాట అటుంచి, లైనులో కూడా ఉంచొద్దని పై నుంచి చెప్పారు. చేతకానివాళ్ళు ఈ రాత్రికే పేరు వెనక్కి తీసుకోవచ్చు, ఏ ఇబ్బందీ ఉండదు. పద్మశ్రీ ఫోను కలవడం లేదు. రిపేరుకిచ్చిందట. మీరిద్దరూ ఒకే లైను కదా, నువ్వే చెప్పు."

స్వర్ణ రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు. చెబితే పద్మశ్రీ ఇప్పుడే ఆ స్కర్టు విప్పేస్తుంది. రేపు వెళ్ళదు. చెప్పకపోతే రేపు ఆ మూడు వేళ్ళతో అందరి ముందూ మిషన్ మీద కూర్చుంటుంది. ఎటు చూసినా సీటు స్వర్ణదే, చెప్పకపోతే మాత్రం పద్మశ్రీ లైను పని కూడా పోతుంది.

"ఎవలే?" తిరుగుతూనే అడిగింది పద్మశ్రీ.

స్వర్ణ ఫోను బోర్లించింది. చెప్పడానికే నోరు తెరిచింది, గిర్రున తిరుగుతున్న ఆ నవ్వు చూసి మాట మార్చుకుంది.

"ఎవల్లేరక్కా. నువ్వు తిరుగు, ఇంకొక్కసారి తిరుగు," అంది.

పద్మశ్రీ తిరిగింది.